తాలు

పైకి మచ్చయినా లేదు.
అరండల్‌పేట మేడ మీద
డాక్టర్ మెహరున్నీసా
ఎక్స్‌రే దీపానికి పట్టి చూపించింది:
కింది వరసలో, చివర్నుంచి రెండోది.

ముప్ఫై ఏళ్లుగా మిర్చియార్డులో
టిక్కీలోంచి గుప్పెడు తీసి
తొడిమ చూసి తాలు చెప్పేవాణ్ణి.
నా నోట్లోది తెలీలేదు.

సూదొద్దన్నాను, బింకం కొద్దీ.
"నొప్పెడితే చెయ్యెత్తండి."
ఎత్తాను.
పాట పెంచాననుకుందేమో,
మర ఇంకాస్త జోరు చేసింది.

పుచ్చంతా తోడి
కందిబద్దంత ముద్ద కూరి
నీలిదీపంతో గట్టిపరిచింది.

మెట్లు దిగుతుంటే నాలుక ఊరుకోదు.
మూసేసిన కొట్టు ముందు పాత ఖాతాదారులా
అక్కడే తచ్చాడుతోంది.
ఏడాదిగా అందులో దాక్కున్న వక్కముక్కలు,
పెసరపొట్టు, ఒక మిరపగింజ
ఇప్పుడెక్కడ తలదాచుకుంటాయో!

రేపు మళ్లీ యార్డు.
ఎర్రగా నిగనిగలాడే కాయని
ఒకటికి రెండుసార్లు విరిచి చూస్తాను.