కారణం రాసే గడి

శనివారం మధ్యాహ్నం, కోడిగుడ్ల ట్రేలు ఖాళీ అయినాక
ఎనిమిదో తరగతి ‘బి’ గదిలో
నాలుగు బెంచీలు కలిపి ఆఫీసు పెట్టినాను.
బోర్డు మీద సుద్దముక్కతో రాసినాను:
‘మీ పిల్లల మార్కులు మీ ఫోన్లోనే.’

నేను తెలుగు పంతులును.
సంధి విడదీయమంటే విడదీస్తాను గానీ
ఈ పాస్‌వర్డుల సంగతి నాకూ మొన్నమొన్నటిదే.
స్టాఫులో చిన్నవాణ్ణని నెత్తిన పడింది.

మొదట వచ్చినాయన బటన్ల ఫోను తెచ్చినాడు.
రెండో ఆయన ఫోను మంచిదే, నెంబరు బావమరిదిది.
బావమరిది బళ్లారిలో. ఓటీపీ బళ్లారికి పోతుంది,
ఆయన అక్కడినుంచి అరిచి చెప్పేలోపు
దాని ఆయుష్షు తీరిపోతుంది.
మూడుసార్లు తీరినాక లేచి నిలబడి
‘వాడు పాసైతాడా కాడా, నోటితో చెప్పు సార్, చాలు’ అన్నాడు.

నాలుగింటికి మాబున్ని వచ్చింది
తాడిపత్రి రోడ్డు పక్క పాలిషు ఫ్యాక్టరీ నుంచి నేరుగా,
కనురెప్పల మీద కూడా నాపరాయి పిండి.
కొంగుకు తుడుచుకోని తెర మీద వేలు పెట్టింది.
తెర పలకలేదు.
మళ్లీ పెట్టింది. గట్టిగా నొక్కింది.
పన్నెండేండ్లు తడిరాయి మీద రుద్దిన వేలు,
రాయితో పాటు అదీ నునుపైంది.
‘రేషను కాడ గూడా ఇంతే సార్,
నేను నేనంటే మిషను నమ్మదు.’
చిటికెనవేలితో చూడమన్నాను.
చిటికెనవేలిని రాయి ఇంకా తినలేదు.
తెరుచుకుంది.

పాస్‌వర్డంటే నువ్వు మర్చిపోనిది, ఎవరికీ తెలియనిది అన్నాను.
‘నేను మర్చిపోనిదైతే ఊరందరికీ తెల్సిందే గద’ అంది.
చివరికి పెన్న పొంగిన ఏడాది పెట్టినాము,
వన్నూరు వలి ఆ వానల్లోనే పుట్టినాడంట.
ఒక పెద్దక్షరం కావాలంది ఫోను, ఒక గుర్తు కూడా కావాలంది.
‘అబ్బా, దీనికెన్ని వగలు!’

మార్కులొచ్చినాయి. లెక్కల్లో ముప్పై రెండు, ఎర్రగా.
వలి కిటికీ అవతల చెప్పు కొసతో నేల గీస్తున్నాడు.
ఇంకొంచెం కష్టపడితే, అని నేను మొదలుపెట్టేలోపే
ఆమె వేలు కిందికి జారింది, హాజరు కాడికి.
అక్షరాలు రావు ఆమెకు. గళ్లు వచ్చు.
బండలు అడ్డం నిలువు చూసి
చదరపుటడుగులు నోటితోనే చెప్పే మనిషి.

‘ఈ ఎర్రగళ్లేంది సార్?’
వాడు రాని రోజులమ్మా.
లెక్కబెట్టింది. ‘తొమ్మిది.
ఈ మూడూ నా కాలిమీద బండ పడినప్పటివి,
అనంతపురం పెద్దాసుపత్రిలో నా పక్కనే ఉన్న్యాడు.
ఇది వాళ్ల జేజి జియారతు.
ఈ నాలుగు నాళ్లూ బండలెత్తను నాకు తోడొచ్చినాడు. నేనే రమ్మన్న్యా.’
తల దించలేదు. కూలి లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది.
‘ఈ ఒక్కటి మాత్రం నాకు తెల్దు.’

కిటికీ అవతల చెప్పు గీయడం ఆగిపోయింది.

‘ఎందుకు రాలేదో రాసే గడి యాడుంది సార్ దీంట్లో?’

వెతికినాను. నిజంగానే వెతికినాను.
పైకి తోసినాను, కిందికి తోసినాను,
మూలన మూడు గీతల గుర్తు నొక్కినాను.
భాష మార్చే గడి ఉంది. ఫొటో మార్చే గడి ఉంది.
మా సేవలు ఎలా ఉన్నాయో నక్షత్రాలు పెట్టే గడి ఉంది.

బీరువాలోంచి హాజరుపట్టీ తీసినాను,
ఎలుక కొరికిన కాగితాలది, ఇప్పుడెవరూ అడగనిది.
ఆమె చెప్తావుంటే మార్జిన్లో రాసుకుంటూ పోయినాను
ఎనిమిదింటికీ.
తొమ్మిదోదాని కాడ పెన్ను ఆపి కిటికీ వైపు చూసినాను.

‘ఈతకు, సార్’ అన్నాడు వలి.
‘పెన్నలోకి నీళ్లిడిసినారని.’

మాబున్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
కోపమో నవ్వో, ఆ పిండి కింద తెలియలేదు.

ఈత, అని రాసినాను.
ముప్పై రెండు సంగతి సోమవారం.