జానెడు ఎత్తు

ట్రాక్టరు జాకీలూ, మిల్లు ప్రెస్సులూ బాగుచేసేవాణ్ణి.
సెలూను కుర్చీ జోలికి ఎప్పుడూ పోలేదు.
నలుగురు మోసుకొచ్చి షెడ్డులో దించారు:
పోత ఇనుము, పెచ్చులూడిన తెల్ల ఎనామిలు,
కాళ్లు పెట్టే పలకమీద ఏదో కంపెనీ పేరు,
మూడు తరాల చెప్పులకి అరిగి
రెండక్షరాలే మిగిలాయి.

"తొంభయ్యారు తుపాను నించీ పైకి లేవట్లేదండి"
అన్నాడు తాతబ్బాయి,
మంచంపట్టిన మనిషి గురించి చెప్పినట్టు.

వాళ్ల నాన్న కాకినాడ వేలంలో పాడి
పడవలో వేయించాడట.
ధవళేశ్వరం దాకా లాకు లాకుకీ నీళ్లే దాన్ని ఎత్తాయట,
గోదారి దాటాక పాలకొల్లు దాకా
లాకు లాకుకీ నీళ్లే దించాయట.
అడుగున ఏదో ఒకటి పొంగితే లేవడం
దీనికి కొత్తేం కాదు.

అడుగు బిళ్ల విప్పాను.
నూనె కాదది, ముదిరిన పాకం.
వేలితో తీసి వాసన చూస్తే ఆముదం.
"ఎవడయ్యా పోసింది?"
"నాన్నేనండి. వరదనీళ్లు దిగాక పోశాడు.
తలకి పనికొచ్చింది దీనికి పనికిరాదా అన్నాడు."

ఆ పాకం నిండా వెంట్రుకలు.
నల్లవి, నెరిసినవి, గోరింటాకు పెట్టిన ఎర్రవి,
పుట్టువెంట్రుకల్లాంటి మెత్తటివి.
సందు దొరికిన చోటల్లా దిగి
వాల్వు నోట్లో పిట్టగూడంత చుట్టుకున్నాయి.
ఊళ్లో సగంమంది అందులో ఉండుంటారు.
నేనూ ఉండుంటాను.
కిరసనాయిలుతో కడిగిన డబ్బా
పారబొయ్యడానికి కాసేపు చెయ్యి రాలేదు.
తర్వాత పారబోశాను.

తోలు వాషరు ఏ షాపులోనూ లేదు.
ఇస్సాకు గేదెతోలు కోసి, రాత్రంతా నానేసి,
పైపుముక్కలో బిగించి గిన్నెలా వంచాడు,
అంచు పల్చగా గీస్తూ
"ఇది నడిచే చెప్పు కాదన్నా, నిలబెట్టే చెప్పు" అన్నాడు.

గోళీని తుప్పు తినేసింది.
సైకిలు బేరింగులోది ఒకటి తీసి
గుంటలో కూచోబెట్టి సుత్తితో ఒకటే దెబ్బ.
రెండోది కొడితే పాడవుద్ది.
మా మేస్త్రి నేర్పినవాటిలో
ఈ ఒక్కటే మర్చిపోలేదు.

నూనె పోసి పెడలు తొక్కాను.
గాలి. బుడబుడ. మళ్లీ గాలి.
పదకొండోసారి కాలికి బరువు తగిలింది.
లోపల ఏదో పట్టుకుంది.
గోరంత. బెత్తెడు. జానెడు.
ఇన్నేళ్లూ చీకట్లో దాక్కున్న ఇనుము
తళతళమంటూ బయటికొచ్చింది.

కొట్లో బిగించాక మొదటి గిరాకీ నువ్వే అన్నాడు.
కూచున్నాను. గుడ్డ కప్పాడు. నన్ను పైకెత్తాడు.
కత్తెర వచ్చి నా మెడ దగ్గర తచ్చాడుతోంది,
తల కోసం.

అద్దంలో చూశాను:
కుర్చీ లేచింది గానీ మనిషి లేవలేదు.
పల్లంలో ఉన్న తలలకోసం వంగీ వంగీ
నడుం అక్కడే బిగిసిపోయింది.

"దించెయ్యనా?" అన్నాను.
"ఉండండి."
నా భుజమ్మీద చెయ్యి ఆనించి
కొంచెం కొంచెంగా నిటారయ్యాడు.
ఎక్కడో ఒక ఎముక టిక్కుమంది.
సగం దాకా వచ్చి ఆగిపోయాడు,
పళ్లు బిగబట్టి, కాస్త నవ్వుతూ.

నేనే లీవరు నొక్కి బెత్తెడు దిగాను.
ఇద్దరికీ కుదిరింది. కత్తెర మొదలైంది.

"తోలు కదా, సాయంత్రానికి
గోరంత దిగుద్ది" అన్నాను గుడ్డ దులుపుతూ.
"దిగనివ్వండి" అన్నాడు,
"అప్పటికి నేనూ దిగుతాను."