ఎర్ర పీలిక

మూత పోయిన బోర్నవిటా డబ్బాలో
చేజారిన నెయ్యిసీసా ముక్కలు ఏరి వేశాను.
మూతి మీద కాగితం అతికించి
జాకెట్ల కొలతలు గీసే నీలం పెన్సిలుతో
గుండ్రంగా, శ్రద్ధగా రాశాను:
గాజు.

మంచిపనే చేశాననుకున్నాను.

పర్లాకిమిడిలో మా సందులోకి చెత్తబండి పట్టదు.
బండి మలుపు దగ్గరే ఆగిపోతుంది,
ఈల మాత్రం లోపలికొస్తుంది,
ఈల వెనక సుకాంతి.
ఆమెది ఒడియా బడి, అదీ నాలుగో తరగతి దాకా.
తెలుగు సంతలో నేర్చింది
ఎంతకిస్తావు, తగ్గించు, తూకం సరిగ్గా పట్టు.
సెలవని ఆ రోజు కూతురు వెంట వచ్చింది.
తెలుగు బడి పిల్ల, కూడబలుక్కుని చదివింది:
గా... జు.

గాజులంటే సుకాంతికి తెలుసు.
రథయాత్ర సంతలో బేరమాడి తెచ్చుకున్న మాట అది.
డబ్బా ఊపి చూసిందట,
గలగలమన్నాయట.
పాతవైతేనేం, ఎవరో తల్లి పిల్ల కోసం ఇచ్చిందనుకుని
చెయ్యి పెట్టింది.

మర్నాడు ఈల రాలేదు.
మూడో రోజు ఎవరో కుర్రాడు వచ్చాడు.
అతను చెప్పలేదు, నేను అడగలేదు.
అడగకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఎనిమిదో నాడు కట్టుకట్టిన చేత్తో తనే వచ్చింది.
"అపా, నువ్వు రాసినావు. మా పిల్ల సదివింది.
నేను సెయ్యెట్టినాను."
తప్పు ఎవరిదో చెప్పలేదు. కట్టు విప్పి చూపించింది.
ఆరు కుట్లు.
నేను కుట్టుపని దాన్ని
ఆ ఎగుడుదిగుడు చూస్తే చాలు,
ఆసుపత్రిలో ఎంత తొందరో తెలిసిపోయింది.
ఆ పిల్లకి గాజులు కొనిపెడదామనుకున్నాను,
మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇకమీదట ఒడియాలో రాస్తానన్నాను,
పక్కింటి కుర్రాడి చేత అక్షరాలు దిద్దించుకుంటానన్నాను.
పగలబడి నవ్వింది.
"మా దాన్లో కాచ. పెంకూ కాచే,
సేతికేసుకున్నదీ కాచే."

ఇన్నాళ్లూ పక్కపక్కన బతికిన రెండు భాషలూ
ఒకే గోతిలో కాలేశాయి.

మిషను కింద గోనెలో కత్తిరింపు ముక్కలుంటాయి.
పెద్దవి బొంతలోకి, చిన్నవి దిండులోకి,
దేనికీ రానివి మసిగుడ్డలోకి.
సుకాంతే అందులోంచి లాగింది ఒక ఎర్ర పీలిక,
బెండి తవిటమ్మ కూతురి పెళ్లి జాకెట్టు
చంక దగ్గర మిగిలిన గుడ్డ.
"ఇది కట్టు. ఎర్రంటే ఎవులికైనా ఎర్రే."

ఇప్పుడు మా సందులో
చక్కెరజబ్బు ముసలాయన సూదులున్న సీసాకి ఎర్ర పీలిక.
కొమ్ముబొమ్మలు చెక్కే మహారణా గారింట
విరిగిన రంపపు పళ్లకి ఎర్ర పీలిక
కొమ్ము పొట్టు మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వడు,
మల్లెపాదులో కప్పెడతాడు.
ఉల్లిపాయలకి పాత ఇనుము తీసుకునే సిమ్మాద్రి
పీలిక కనబడితే ముందు చేతికి గోనె చుట్టుకుంటాడు,
తర్వాతే తక్కెడ ఎత్తుతాడు.
తూకంలో మోసం మాత్రం మానలేదు.

మలుపులో మేడింటివాళ్లు కట్టరు.
అన్నీ ఒకే నల్లసంచిలో కుక్కి
చీకటిపడ్డాక మహేంద్రతనయ ఒడ్డున జారవిడుస్తారు.
అడిగితే, పన్ను కడుతున్నాం కదా అంటారు.
ఏరు పొంగిన రోజు
ఆ సంచులు రేవులో మన బట్టల మధ్యకే వస్తాయి.
వాళ్ల బట్టల మధ్యకి కూడా.

బ్యాటరీల సంగతి ఇంకా తేలలేదు.
గోడగడియారానివీ టార్చిలైటువీ కలిపి పదమూడు
అంచు విరిగిన ఊరగాయ జాడీలో ఉన్నాయి.
వీటికి ఏం చెయ్యాలే అంటే సుకాంతి తల గోక్కుంది.
ఆఫీసులో గుమాస్తా, ప్రత్యేకం ఒక పెట్టె వస్తుందన్నాడు,
ఏ నెలలోనో చెప్పలేదు.

జాడీ పిల్లలకి అందని ఎత్తులో, అటక అంచున ఉంది.
లోపల ఏదో తెల్లగా చెమరుస్తోంది.
రాయడానికి మాట దొరక్క
మెడ చుట్టూ రెండు పీలికలు కట్టాను.