పళ్లెం కింద నీళ్లు

మొదటి ఉద్యోగంలో నాకు జీతం వాళ్లిచ్చేవాళ్లు,
నెత్తురు నేనిచ్చేదాన్ని.
మంగళవారం మంగళవారం
వలగుడ్డ కట్టిన పంజరంలో మోచేతి దాకా చేయి పెట్టి
పది నిమిషాలు.
నాలుగు వందల ఆడదోమలు
పంక్తిలో కూర్చున్న మగపెళ్లివారిలా
తీరిగ్గా తాగేవి.
వడ్డించేదీ నేనే, వంటకమూ నేనే.

కెయిన్స్ ఊరి చివర
చెరకు తోటల వైపు కిటికీ ఉన్న ల్యాబ్.
పదకొండేళ్లు ఒకటే ప్రశ్న:
పొడిగోడకు కరుచుకుని నెలల తరబడి ఎండిన గుడ్డు
తడి తగలగానే
ఎవరో పిలిచినట్టు ఎలా లేస్తుంది?
పదకొండేళ్లకు మూడు పేపర్లు.
ఒకదాన్ని ఇద్దరు చదివారని రూఢిగా తెలుసు,
ఇద్దరూ తప్పులు పట్టారు కాబట్టి.

గ్రాంటు ఆగిన రోజు
పంజరాలన్నీ ఫ్రీజర్‌లో పెట్టమన్నారు.
నా నెత్తుటితో పెరిగిన నూట ముప్ఫయ్యో తరం.
తలుపు మూసి చెవి ఆనించాను.
రొద పూర్తిగా ఆగడానికి ఎంతసేపు పట్టిందో
నోట్‌బుక్‌లో రాసుకున్నాను,
అలవాటు కొద్దీ.

తర్వాత గంటకింత లెక్కన పాఠాలు.
పొద్దున్న ఎనిమిదింటికి, నర్సింగ్ మొదటి ఏడాది.
సగం మందికి నిద్ర చాలదు,
మిగతా సగానికి నిన్న పడ్డ చేప ఎంత పొడుగో తేలాలి.
బోర్డు మీద రెక్క గీస్తుంటే
థర్స్‌డే ఐలాండ్ నుంచి వచ్చిన టాలిథా అడిగింది:
"మిస్, ఇంతకీ మీరు దోమ వైపా, మనిషి వైపా?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
టైమైపోయిందన్నాను, ఇంకా ఏడు నిమిషాలుండగానే.

ఆ ఏడు దిద్దిన పేపర్లు నూట పదిహేడు.
మలేరియా ఒక దోమ పేరని రాసినవాళ్లు ఇరవై ముగ్గురు.
ఒకరో ఇద్దరో అయితే వాళ్ల తప్పు.
ఇరవై ముగ్గురంటే, నాదే.

ఇప్పుడు నా పరికరాలు
గరిటె, టార్చి, కుక్కల కోసం జేబులో బిస్కట్లు.
కౌన్సిల్ వాళ్ల టోపీ.
"మీ పూలకుండీ కింద పళ్లెం చూడొచ్చా?"
రోజుకి నలభై గుమ్మాలు, అదే వాక్యం.
కొందరు తలుపు తీస్తారు. కొందరు టీవీ సౌండ్ పెంచుతారు.

వానలు మొదలయ్యాక మనూరాలో ఒకే వీధిలో
ఏడుగురికి డెంగీ.
వీధి మొత్తం వెదికితే చివరికి
డోరీన్ పాస్కో గారి ఇంటి కింద
కొయ్య స్తంభాల నడుమ, వెల్లకిలా, ఒక పడవ.
నిండా వాననీళ్లు, రాలిన దేవగన్నేరు పూలు,
పూల కింద కొంకీల్లా వంగి సాగుతూ
లెక్కకందని పిల్లలు.

"దాన్ని కదపకూడదు," అంది.
ఆయన చివరిసారి ఒడ్డుకి లాగి పెట్టింది అలాగేనట.
నోటీసు ఇవ్వొచ్చు. జరిమానా పుస్తకం సంచిలోనే ఉంది.
టీ ఇచ్చింది, తాగాను.
మర్నాడు వెళ్లాను. మళ్లీ టీ.
మూడో రోజు అడక్కుండానే
తనే వచ్చి ముక్కు వైపు పట్టుకుంది.
ఎనభై ఒకటేళ్ల చేతులు. ఎత్తాం.
నీళ్లు గడ్డిలోకి, మా చెప్పుల్లోకి, పోయాయి.
"అంతేనా?" అంది.

అంతే కాదు.
లోపలి గోడకు, నీటిగీత పైన,
మిరియపు పొడి చల్లినట్టు నల్లగా,
పొడిగా, ఓపిగ్గా.
మోకాళ్ల మీద కూర్చుని బ్రష్‌తో రుద్దాను.
ఎందుకంత గట్టిగా రుద్దుతున్నావని ఆమె అడగలేదు.
అడిగితే చెప్పడానికి పదకొండేళ్లున్నాయి నా దగ్గర.

ఫారంలో "పాత్ర" అన్న చోట
టైరు, బకెట్, కుండీ, గటారు.
పడవకి గడి లేదు.
ఇతరములు, అని రాశాను.

కారెక్కబోతుంటే మణికట్టు మీద ఒకటి వాలింది.
కాళ్లకు తెల్లచారలు.
చేయి లేచింది, ఆగింది.
టాలిథా, ఉండమ్మా,
ఇంకొక్క క్షణం చూసి చెబుతాను.