తోక అక్షరం

కుతైసీ. మార్చి నెల. హీటరు మీద తడి చేతితొడుగులు.
తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పీరియడు
పరోక్ష కథనం దగ్గర ఆగి ఉంది.

రాత్రంతా వాన.
రియోనీ మీది వంతెన రెండుగా విరిగి
నీళ్ళలోకి వంగిన ఫొటో ఇరాక్లి ఫోన్లో ఉంది.
పొద్దున్నే పళ్ళు తోముకుంటూ నలభై ముగ్గురికి పంపాడు.
తర్వాత
ఆ వంతెన మీదుగానే నడిచి బడికొచ్చాడు.

మరి నీ కాళ్ళ కింద ఉన్నదేమిట్రా అని
నజిబ్రోల టీచరు అడగలేదు.
బోర్డు మీద ఇంగ్లీషులో రాసింది:
వంతెన కూలింది.
"మన భాషలోకి తెండి."

జార్జియన్లో, ఒకరు చెప్పగా విన్న మాటైతే
వాక్యం తోకకి ఒక "ఓ" తగిలిస్తారు,
మనం "అట" అన్నట్టే.
కూలిందట.
చూసింది నా కన్ను కాదు, విన్నది నా చెవి అని
పుకారు మోసే నోరు కూడా
ఆ మాత్రం లెక్క అప్పజెబుతుంది.

గ్వంత్స చెయ్యెత్తింది:
"ఇంగ్లీషులో ఆ 'ఓ' ఎక్కడుంది టీచర్?"
"తోకలో లేదు. మనమే వెతకాలి.
ఎవరన్నారు, ఎప్పుడన్నారు,
ఆ దీపస్తంభాలు మనవేనా?"

పదహారు తలలు ఒక ఫోన్ మీదికి వంగాయి.
మన స్తంభాలు పచ్చవి, ఇవి బూడిద రంగువి.
మూలన ఏదో దుకాణం బోర్డు,
తీగల్లా మెలికలు తిరిగే మన అక్షరాలు కావు.
ఇరాక్లి చెవులు కందిపోయాయి.

"నేనూ పంపాను," అంది టీచరు
సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ.
"అక్రోటు ఆకుల కషాయం తాగితే
చక్కెర జబ్బు పోతుందని, మా చెల్లెలికి.
'ఓ' లేకుండా.
నా మాట మీద అది మూడు రోజులు మాత్రలు మానేసింది."

ఇంకేమీ చెప్పలేదు.
గంట కొట్టారు. బోర్డు తుడవలేదు.

సాయంత్రం వంతెన మధ్యలో
బూట్లూ తడి చెక్కలూ, సందులోంచి కనబడే బురదనీళ్ళూ
కలిసొచ్చేలా ఫొటో తీశాడు ఇరాక్లి.
"వంతెన ఉంది. పొద్దున నేను పంపింది అబద్ధం."
అదే నలభై ముగ్గురికి.

చాలామంది చూడనే లేదు.
ఒకడు బొటనవేలు గుర్తు పెట్టాడు.
బడి పక్కనే ఉంటూ
నది దాటే పనిలేని గ్వంత్స నుంచి మాత్రం
ఒక్క మాట వచ్చింది:

ఉందట.