వెన్ను చూపడం

మా తాత లెక్కలో
మనుషులు రెండే రకాలు:
తుపానులో తెడ్డు వదలనివాళ్లు, వెన్ను చూపేవాళ్లు.
నేను నలభై మూడు రోజులు
ఒక కుక్కకి వెన్ను చూపించాను.

ఫిషింగ్ హార్బర్లో ఐసు మిల్లు వెనక
బోర్లించిన పాత బోటు కింద పుట్టిందది.
ఎడమ చెవి కొసన కార్పొరేషన్ వాళ్ల కత్తెర గుర్తు.
మనిషి చెయ్యి దానికి తగిలింది ఒక్కసారే,
అదీ వల విసిరి పట్టినప్పుడు.
బోటుని తుక్కు కింద అమ్మేశారు.
లారీ కింద కాలు నలిగి పడుంటే
గోనెసంచిలో చుట్టి తెచ్చాను.
మొరిగే కుక్క కరవదంటారు.
ఇది మొరగలేదు, కరవలేదు,
గ్యాసు బండ వెనక దూరి
గోడైపోయింది.

పశువులాసుపత్రి కాంపౌండరు సన్యాసిరావు అన్నాడు:
"కళ్లల్లోకి చూడకమ్మా. పిలవకు. జాలి అసలే పడకు,
జాలి పడేవాళ్లు వంగుతారు.
దాని లెక్కలో మనిషి వంగేది రాయి తియ్యడానికే.
నువ్వక్కడ లేనట్టుండు, చాలు."

లేనట్టుండటం నాకు కొత్తేం కాదు.
రొయ్యల షెడ్డు నుంచి సిటీ బస్సెక్కితే
నా పక్క సీటు దానంతటదే ఖాళీ అవుతుంది.
నిమ్మచెక్కతో ఎంత రుద్దినా
వేళ్ల సందుల్లోంచి పోదా వాసన.

దానివైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని,
నెత్తళ్లు బాగుచేస్తూ,
ఉడికించినదొకటి భుజం మీంచి వెనక్కి వేస్తూ.
మొదటి రోజు వెనకాల ఏమీ లేదు.
రెండో రోజు చీమలు తిన్నాయి.
ఆరో రాత్రి, దీపం ఆర్పేశాక,
నాలిక గచ్చును గీరిన చప్పుడు.
ఇంకోసారి వినబడుతుందేమోనని
తెల్లారేదాకా పక్కకి ఒత్తిగిల్లలేదు.

ఇంటినిండా వలలే మాకు,
దండేనికి, మేకులకి, తలుపు వెనక.
అది దేన్ని చూసి వణుకుతోందో తెలియడానికి
నాకు వారం పట్టింది, సిగ్గులేకుండా.
ఒక్కొక్కటీ తీసి ఎదురింటి కాసులమ్మ వసారాలో పడేశాను.
"కుక్క కోసం వలలు బయటెట్టిన జాలరిల్లు
ఈ పేటలో ఇదొక్కటేనే" అన్నాడు దానయ్య.
అంటూనే పెద్ద వల తనే మోశాడు.

పంతొమ్మిదో రోజు
నా వీపుకి జానెడు దూరం దాకా వచ్చింది.
దాని ఊపిరి వెచ్చగా నడుముకి తగిలింది.
తిరగలేదు.
తిరగకుండా ఉండటం ఎంత బరువు పనో
తట్టలు మోసిన మెడతో చెబుతున్నాను, తట్టే నయం.
అంతలో ఛానల్లోకొస్తున్న ఓడేదో కూత వేసింది.
మళ్లీ గ్యాసు బండ. మళ్లీ చీమలు.

దానయ్య ఒకనాడు మర్చిపోయి
తడి వల భుజానేసుకుని లోపలికొచ్చాడు.
అది నిలబడ్డ చోటే తడిపేసుకుంది.
ఆయన గుమ్మంలోనే ఆగి,
వలని పసిబిడ్డని దించినట్టు బయటకి దించి,
ఏమీ అనకుండా వీపు తిప్పి కూర్చున్నాడు.
ఆ రాత్రి మొగుడూ పెళ్లాం
చెరో గోడకేసి చూస్తూ అన్నం తిన్నాం.

నలభై మూడో రోజు
చెయ్యి వెనక్కి చాపి, మర్చిపోయినట్టు వదిలేశాను.
ముందు చల్లటి ముక్కు.
తర్వాత ఒక్కో వేలూ చదివింది,
సందుల దగ్గర ఆగి ఆగి,
ఇరవయ్యేళ్ల రొయ్యల్నీ
ఏ అక్షరం వదలకుండా.

పేరు పెట్టలేదు.
"గుంటా" అంటే చెవి తిప్పుతుంది, తెగిన చెవే ముందు.
చీపురు ఇప్పటికీ పడదు. గొడుగు పడదు.
దీపావళి వస్తోందంటే
తలుపు సందుల్లో పాత చీరలు కుక్కుతాను.
ముద్దు చెయ్యబోయే పిల్లల్ని కసిరేది నేనే.

సాయంత్రాలు గుమ్మంలో కూర్చుంటాను.
డాల్ఫిన్స్ నోస్ మీద లైటు
అందరినీ ఓసారి చూసి పోతుంటుంది.
అది వస్తుంది. ఉన్నచోటే రెండుసార్లు తిరిగి
నా మోకాలికి ఆనుకుని కూలబడుతుంది,
ముఖం వీధివైపు,
వెన్ను నావైపు.

లోపల్నుంచి దానయ్య అరుస్తాడు,
పొయ్యి మీద నెత్తళ్లు మాడుతున్నాయే అని.
మాడనీ.
ఇప్పుడెలా లేస్తాను.