తోక లేని మాట

బఫెలో నగరంలో, జెనెసీ వీధి మలుపు మీద
బెర్నీస్ లాటిమర్ దుకాణంలో
పావు డాలరు పెట్టె అడుగున దొరికింది నాకు
‘రాత్రి తాళాలు’ మూడో సంచిక.
అట్ట మీద ఎవరో కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మచ్చ.

మొత్తం ఆరే సంచికలు.
ఎనభై ఎనిమిది మార్చిలో మొదలై
మంచు మళ్లీ పడేలోపే ఆగిపోయింది.

కథ పెద్దదేం కాదు.
ఓడిల్ ప్రూయిట్ అని, తాళాలు తీసే మనిషి.
మోకాలి నొప్పి, పాత వ్యాను, ఎప్పుడూ తడిసే ఉండే చేతితొడుగులు.
చనిపోయినవాళ్లు ఫోన్ చేస్తారామెకి:
తాళంచెవి లోపలే మర్చిపోయాం, వచ్చి తీసిపెట్టవా అని.
వెళ్తుంది. బేరమాడుతుంది కూడా.
ఒక ముసలాయన దగ్గర డబ్బుల్లేక
తన పేరులో చివరి అక్షరం ఇచ్చాడు.
ఆమె రసీదు రాసిచ్చింది.

పక్కనే అదే అరలో
కండలు తిరిగినవాళ్లు, ఎగిరే వస్త్రాలు, పేలుళ్లు.
ఇందులోనేమో మూడు పేజీలపాటు ఒకావిడ
తలుపు ముందు మోకరిల్లి వింటుంది, అంతే.
ఎవరు కొంటారు?
“నెలకి నాలుగు తెప్పించేదాన్ని, మూడు మిగిలేవి,”
అంది బెర్నీస్. “నాలుగోది నేనే కొనుక్కునేదాన్ని.”

బొమ్మలు మార్టా త్కాచుక్ వేసింది.
మంచుని తెల్లగా వేయలేదామె, ఒక్కసారి కూడా.
వీధిదీపం కింద అది గిన్నెలు కడిగిన నీళ్ల రంగు.
అక్షరాలు రాసినాయన పేరు అడుగున, చీమంత: ఎల్. డబ్రోస్కీ.
నాకు ఆయనే ముఖ్యం.
దయ్యాలు మాట్లాడినప్పుడు
మాటల బుడగకి తోక గీయడాయన.
మాట గాలిలో ఉంటుంది, నోరెక్కడో తెలియదు.

ఆరో సంచిక, పంతొమ్మిదో పేజీ, కింద ఎడమవైపు గడి.
వ్యాను అద్దం తుడుచుకుంటూ ఓడిల్
“ఇంకొక్క ఇల్లే” అంటుంది.
ఆ బుడగకి తోక లేదు.

నెలాఖరు తొందరలో మర్చిపోయాడా?
లేక మొదటినుంచీ ఆమె...
బెర్నీస్‌ని అడిగితే భుజాలెగరేసింది.
ఆరూ మళ్లీ వెనకనుంచి చదివాను.
ఎవరూ ఆమెకి కాఫీ ఇవ్వలేదు. ఎవరి చెయ్యీ తగల్లేదు.
వ్యానుకి పెట్రోలు పోయించిన బొమ్మ ఒక్కటీ లేదు.
కానీ ఇంటద్దె గురించి దిగులుపడేది కదా,
రెండో సంచికలో దగ్గేది కదా.

ఏడోదానికి ప్రకటన మాత్రం ఉంది, చివరట్ట లోపల:
ఒక తలుపు, కింద సందులోంచి వెలుతురు,
‘వచ్చే నెల’ అని.

ఇప్పుడు రాత్రిళ్లు దుకాణం నేనే మూస్తున్నాను.
నిన్న తాళం బిగుసుకుపోయింది.
చలికి ఇనుము అలాగే చేస్తుంది, తెలుసు.
అయినా మెట్టు మీద మంచు తుడిచి
మోకరిల్లి
కాసేపు విన్నాను.